బియ్యం కొనకముందే జీతం అయిపోతోంది, ఈ విల్లా ఉంచుకోవాలా అమ్మేయాలా?

ఈ వారం ఒకావిడ రాసిన ఉత్తరం చాలా పెద్దది. రాత్రి రెండింటికి మొదలుపెట్టి నాలుగింటికి పూర్తి చేశానని చివర్లో రాసుకున్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి కాస్త కుదించి చెప్తున్నా.

ఆవిడకి 38 ఏళ్ళు, విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్, చేతికి 34 వేలు వస్తుంది. ఆయనకి 42, మందుల కంపెనీలో ఏరియా మేనేజర్, ఆఫీసు ఆటోనగర్ వైపు, చేతికి 1,18,000. పాప ఏడో క్లాసు, బాబు నాలుగో క్లాసు, అత్తగారు వీళ్ళతోనే ఉంటారు. 2022 జనవరి దాకా పటమటలో అద్దె ఫ్లాట్లో ఉన్నారు. తర్వాత కాజ టోల్ గేటు దాటి నంబూరు వైపు వెళ్ళే దారిలో ఒక గేటెడ్ కమ్యూనిటీలో డ్యూప్లెక్స్ విల్లా కొన్నారు, 1 కోటి 15 లక్షలు. కొందామని పట్టుబట్టింది నేనే అని ఆవిడే రాశారు. అందులో 85 లక్షలు ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ లోను. సొంతంగా పెట్టిన 30 లక్షల్లో 22 లక్షలు, పెళ్ళిలో వాళ్ళ నాన్నగారు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన గుడివాడ స్థలం అమ్మితే వచ్చినవి. రిజిస్ట్రేషన్‌కీ ఇంటీరియర్‌కీ 8 లక్షల పర్సనల్ లోను, ఇంకా ఆవిడ అన్నయ్య దగ్గర 6 లక్షలు చేబదులు.

64 వేల చిల్లరతో మొదలైన ఈఎంఐ ఇప్పుడు 76,500. 2023లో పెద్ద కారు కొన్నారు, దానికి 19,600. పర్సనల్ లోనుకి 17,800. మెయింటెనెన్స్ 7,200. పిల్లల స్కూలు, బస్సు కలిపి నెలకి 22 వేలు పడుతోంది. ఆయనకి ఏడాదిగా ఇన్సెంటివ్ రావట్లేదు. కార్డుల మీద ఇద్దరిదీ కలిపి 4,70,000 దాకా ఉంది.

ఇక దాచినవి. గత ఏడాది పాప ఓణీల ఫంక్షన్ క్లబ్ హౌస్‌లో 150 మందిని పిలిచి చేశారు, ఆ డబ్బు నా సేవింగ్స్ అని ఆయనకి చెప్పారు, నిజానికి కమ్యూనిటీలోనే ఒకావిడ నడిపే 3 లక్షల చీటీ నాలుగో నెలలోనే 2,10,000కి పాడేసి తెచ్చారు, ఇప్పుడు నెలకి 9 వేల చొప్పున తన జీతంలోంచి కడుతున్నారు. ఆయన దాచింది ఇంకొకటి. రెండు నెలల క్రితం ఆయన ఫోన్లో గోల్డ్ లోన్ రెన్యువల్ మెసేజ్ చూశారు ఈవిడ. లాకర్లో ఉండాల్సిన 12 కాసుల హారం, గాజులు 4 లక్షలకి తాకట్టులో ఉన్నాయి. ఆయన్ని అడగలేదు, ఆయనా చెప్పలేదు. అన్నయ్య కూతురి పెళ్ళి వైశాఖంలో. వదినగారు ఫోన్ చేసి "మీకు వీలైతేనేలే" అన్నారట. ఆయన మాత్రం రాజధాని పనులు మొదలయ్యాయి, ఇంకో రెండేళ్ళు ఆగితే రేటు డబుల్ అవుతుంది, అప్పుడు అమ్మి అన్నీ తీర్చేద్దాం అంటున్నారు. పక్క వీధిలో ఇలాంటి విల్లానే ఈ మధ్య 1 కోటి 35 లక్షలకి పోయిందట, ఇంకొకటి 30 వేలకి అద్దెకిచ్చారట.

"అమ్మితే మా నాన్న ఇచ్చింది పోగొట్టినదాన్ని అవుతాను, మా అత్తగారు తెనాలి చుట్టాలందరికీ మా ఇంటి గురించి చెప్పుకున్నారు, ఉంచుకుంటే బియ్యం కొనటానికి కూడా కార్డు గీకాల్సి వస్తోంది, ఏం చెయ్యమంటారు" అని అడిగారు.

అమ్మా, అన్నిటికన్నా ముందు నేను ఆగిపోయిన వాక్యం ఒకటుంది, మీరు దాన్ని మధ్యలో ఒక్క లైనులో రాసి వెళ్ళిపోయారు. ఆయన రాత్రిళ్ళు నిద్రపోకుండా టెర్రస్ మీద తిరుగుతున్నారనీ, మొన్నొక రోజు "నా టర్మ్ పాలసీ కాగితాలు బీరువాలో పై అరలో ఉన్నాయి, చూసుకో" అన్నారనీ రాశారు. ఆ మాట జాగ్రత్త కొద్దీ అన్నది అయ్యుండొచ్చు, అయితే చాలా మంచిదే. కానీ నేను బ్యాంకులో లోన్ సెక్షన్లో ఇరవై ఏళ్ళకి పైగా పనిచేసి రిటైర్ అయినదాన్ని, అప్పుల్లో ఉన్న మగవాళ్ళు మాట్లాడటం మానేసి పాలసీ కాగితాల గురించి చెప్పటం మొదలుపెడితే దాన్ని నేను మామూలు మాటగా తీసుకోలేను. కాబట్టి ఇల్లు, కారు, బంగారం అన్నీ తర్వాత. ఈ రాత్రే ఆయన పక్కన కూర్చుని సూటిగా అడగండి, "మీకు చచ్చిపోవాలనిపిస్తోందా" అని, అదే మాట వాడి అడగండి. అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు, అలా జరగదు, అడిగినందుకు మనిషికి బరువు దిగుతుంది. అవునన్నా, జవాబు చెప్పకుండా తలదించుకున్నా ఆయన్ని ఒంటరిగా వదలకండి, 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. మీ అన్నయ్యనో ఆయన స్నేహితుణ్ణో ఇంటికి రమ్మనండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంకొకటి కూడా అడగండి, ఫోన్లో లోన్ యాప్‌ల దగ్గర ఏమైనా తీసుకున్నారా అని. మీరు రాసిన లెక్కలో అవి లేవు, మీకు తెలియకపోయి ఉండొచ్చు.

సరే, అక్కడ ఏమీ లేదని తేలాక మిగతావి మాట్లాడుకుందాం.

మీరు రాసిన అంకెలన్నీ ఒక కాగితం మీద వేసి చూశాను. ఇద్దరి జీతం కలిపి 1,52,000. హోమ్ లోను, కారు, పర్సనల్ లోను, మెయింటెనెన్స్, స్కూలు కలిపితే 1,43,100. దానికి మీ చీటీ 9 వేలు కలపండి, 1,52,100. అంటే బియ్యం, పాలు, పెట్రోలు, కరెంటు, అత్తగారి బీపీ మందులు ఇవేవీ కొనకముందే జీతం అయిపోయింది. ఇంటి ఖర్చు ఎంత తగ్గించినా 35, 40 వేలు అవుతుందన్నారు కదా, ఆ 40 వేలే నెలనెలా కార్డుల మీదా బంగారం తాకట్టు మీదా అప్పుగా పెరిగింది. నేను దుబారా మనిషిని, కిట్టీ పార్టీలకీ రిటర్న్ గిఫ్టులకీ తగలేశాను అని మిమ్మల్ని మీరు చాలా తిట్టుకున్నారు. కిట్టీకి నెలకి 5 వేలు ఎక్కువే, కాదనను, కానీ మీ 40 వేల గొయ్యి కిట్టీ తవ్వింది కాదు.

అసలు ఎక్కడ మొదలైందో చూడండి. మీరు లోను తీసుకున్నప్పుడు రిజర్వ్ బ్యాంకు రెపో రేటు, అంటే అది బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 4 శాతం, అప్పట్లో హోమ్ లోన్లు 7 శాతం లోపు దొరికేవి. 2022 మేలో మొదలుపెట్టి 2023 ఫిబ్రవరి కల్లా దాన్ని 6.5కి తీసుకెళ్ళారు. మీ ఈఎంఐలో పెరిగిన 12 వేలు అక్కడివి. సరిగ్గా అదే టైములో మీరు కారు కూడా కొన్నారు. ఆయన ఇన్సెంటివ్ వస్తున్నన్నాళ్ళూ నడిచింది, అది ఆగేసరికి బయటపడింది. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, 2025లో రెపోని దఫదఫాలుగా 5.25 దాకా తగ్గించారు. బ్యాంకుల్లో రెపోకి ముడిపెట్టిన లోన్లకి ఆ తగ్గింపు మూడు నెలల్లోపు వచ్చి తీరాలి. కానీ మీది హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ, వాళ్ళకి ఆ రూలు లేదు, వాళ్ళ సొంత రేటు ఉంటుంది, అందుకే మీరు ఇంకా 9 శాతం పైనే కడుతున్నారు. స్టేట్‌మెంట్ తెప్పించి చూడండి. రేటు తగ్గించమని రాతపూర్వకంగా అడగండి, కొద్దిగా కన్వర్షన్ ఫీజు తీసుకుని తగ్గించే అవకాశం ఉంటుంది. తగ్గించకపోతే బ్యాంకుకి మార్చుకోవచ్చు, ఫ్లోటింగ్ రేటు ఇంటి లోను ముందే తీర్చేస్తే పెనాల్టీ వెయ్యకూడదు, కొత్త బ్యాంకు దగ్గర ప్రాసెసింగ్, లీగల్, వాల్యుయేషన్ ఖర్చులు మాత్రం ఉంటాయి. మీ బాకీ 78 లక్షలు అన్నారు. 8 శాతానికి దొరికి, ఆయనకి 60 వచ్చేదాకా అంటే 18 ఏళ్ళకి పెట్టుకుంటే ఈఎంఐ 68 వేల చిల్లర అవుతుంది, నెలకి 8 వేలు మిగులు. గడువు పెరిగింది కాబట్టి మొత్తం మీద వడ్డీ ఎక్కువ కడతారు, అది తెలిసే చెయ్యాలి. ఒక షరతు ఉంది, ఇప్పటిదాకా మీరు ఒక్క ఈఎంఐ కూడా తప్పలేదు కాబట్టే ఈ దారి తెరిచి ఉంది. కార్డులు నిండిపోయి సిబిల్ స్కోరు దిగిపోయాక ఏ బ్యాంకూ తీసుకోదు. అందుకని ఇది వాయిదా వెయ్యొద్దు.

కార్డుల సంగతికొస్తే, మీరు మినిమమ్ డ్యూ కడుతున్నాం కదా, ఇబ్బంది లేదు అన్నట్టు రాశారు. అమ్మా, అది ఇబ్బంది కాకపోతే ఇంకేది ఇబ్బంది. చాలా కార్డుల మీద నెలకి 3.5 శాతం దాకా ఉంటుంది, అంటే మన భాషలో మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణే జలగ అంటాం కదా. 4,70,000 మీద నెలకి 16 వేలు వడ్డీకే పోతుంది. కట్టకుండా వదిలేస్తే రెండేళ్ళలో 10 లక్షలు దాటుతుంది. ఆయన అంటున్నారు చూశారా, రెండేళ్ళు ఆగితే డబుల్ అవుతుందని, ఇంటి సంగతి నేను చెప్పలేను గానీ కార్డు బాకీ అయితే ఖాయంగా అవుతుంది.

రాజధాని మాట ఎత్తారు కాబట్టి ఒకటి చెప్తాను. నేను ఆయన ఆశని తీసిపారెయ్యను, ఈ ప్రాంతంలో పుట్టిన వాళ్ళెవరం తీసిపారెయ్యలేం. 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగినప్పుడు మా కౌంటర్ ముందు ప్లాట్ లోన్ల కోసం జనం ఎలా నిలబడ్డారో నాకు గుర్తు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అదే మనుషులు వచ్చి మేడమ్ కొనేవాడు లేడు, వడ్డీ ఆగట్లేదు అని కూర్చున్నారు. 2024లో మళ్ళీ ఊపొచ్చింది, 2025 మే 2న పనులు మళ్ళీ మొదలయ్యాయి. పెరుగుతుందేమో, మంచిదే. కానీ 2019 తర్వాత కూడా ఆగగలిగింది ఎవరంటే, ఆ భూమి మీద నెలనెలా కట్టాల్సింది ఏమీ లేనివాళ్ళు. మీరు కూడా ఆగాలనుకుంటే ముందు ఆగగలిగే స్థితికి రావాలి.

ఇప్పుడు ఇల్లు. మీ ముందు మూడు దారులున్నాయి, దేనికి దానికి ఖర్చుంది.

ఆ ఇంట్లోనే ఉండి నెట్టుకురావటం ఒకటి. హోమ్ లోను మార్చుకుంటే 8 వేలు. కారు అమ్మేస్తే 19,600, బాకీ ఇంకా 8.6 లక్షల దాకా ఉంటుంది, బండి బాగుంటే అది తీరి లక్షో లక్షన్నరో మిగలొచ్చు, దాంతో పాత చిన్న కారు చూసుకోవాలి, ఆయన ఫీల్డు మీద తిరగాలి కదా. కిట్టీ ఆపితే 5 వేలు. అన్నీ కలిపినా 33 వేలు, 40 వేల గొయ్యి పూర్తిగా పూడదు. పైగా ఇదంతా కార్డులు ముందు తీరిస్తేనే. కానీ మీరు గమనించని మంచి విషయం ఒకటి ఉంది, పర్సనల్ లోను అయిదేళ్ళది, 2027 మొదట్లో అయిపోతుంది, అక్కడ 17,800 ఖాళీ అవుతుంది. అంటే ఒక ఏడాది, ఒక్క ఏడాది గట్టిగా బిగించి ఉండగలిగితే ఈ దారి అసాధ్యం కాదు. అయితే ఆ ఏడాదిలో అత్తగారికి ఆస్పత్రి ఖర్చు వచ్చినా, ఆయన ఉద్యోగం కదిలినా పట్టుకోవటానికి చేతిలో ఏమీ ఉండదు. ఆ సర్కిల్లోనే ఉంటూ ఖర్చు తగ్గించటం కూడా చెప్పినంత తేలిక కాదమ్మా, ప్రతి బర్త్‌డేకీ దసరా కొలువుకీ దాండియా డ్రెస్సులకీ కాదని చెప్పాలి, పిల్లలు ఎదురుగా చూస్తుంటే.

రెండోది అద్దెకిచ్చి మీరు విజయవాడ వెళ్ళిపోవటం. 30 వేలు అద్దె వస్తే, కానూరులోనో పటమటలోనో రెండు బెడ్రూముల ఫ్లాట్ 17 వేలకి చూసుకుంటే, 13 వేలు మిగులు. మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్ళు కట్టేట్టు ఒప్పందం రాసుకుంటే 7,200. ఇప్పుడు మీరిద్దరూ రోజూ వారధి దాటి వెళ్ళి రావటానికి పెట్రోలు, టోలు కలిపి 11 వేలు అవుతోందన్నారు, అందులో 9 వేలన్నా తగ్గుతుంది. కిట్టీ దానంతటదే ఆగుతుంది. అంతా కలిపితే 34 వేలు, లోను మార్చుకున్న 8 వేలు దీనికి అదనం, కారు అమ్మకుండానే గొయ్యి పూడుతుంది. ఇల్లు మీ పేరు మీదే ఉంటుంది, రేట్లు పెరిగితే అదీ మీకే. నష్టాలు లేవా అంటే ఉన్నాయి, అప్పు చేసి పెట్టుకున్న ఇంటీరియర్‌ని వేరేవాళ్ళు వాడుతుంటే కడుపు తరుక్కుపోతుంది, ఒకటో రెండో నెలలు ఖాళీగా ఉంటే మళ్ళీ లోటు, పిల్లల స్కూలు బస్సు అటు వస్తుందో లేదో చూసుకోవాలి. పాపని ఏడో క్లాసు మధ్యలో స్కూలు మార్చొద్దని నా అభిప్రాయం, మారిస్తే జూన్‌లోనే. ఓణీల ఫంక్షన్ అదే ఫ్రెండ్స్ మధ్య చేసుకున్న పిల్ల, ఇల్లూ స్కూలూ ఒకేసారి పోతే తట్టుకోవటం కష్టం.

మూడోది అమ్మటం. దీని గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీ భయమంతా ఇక్కడే ఉంది. 1 కోటి 35 లక్షలు వచ్చిందనుకుందాం. 78 లోనుకి పోతే 57 మిగులుతుంది. కార్డులు 4.7, బంగారం 4, అన్నయ్యకి 6, పర్సనల్ లోనులో మిగిలింది రెండు పైన, చీటీ ఇంకో లక్షన్నర, మొత్తం 18 నుంచి 19 లక్షలు. బ్రోకర్‌కి ఇచ్చేది పోను కూడా 36, 37 లక్షలు మీ చేతిలో ఉంటాయి. అంటే మీ నాన్నగారు ఇచ్చిన 22 లక్షలు ఈ రోజుకీ ఆ ఇంట్లో చెక్కుచెదరకుండా ఉన్నాయమ్మా. మీరు రాసింది చదివితే అమ్మితే అది పోతుందనుకుంటున్నట్టుంది. అమ్మితే అది తిరిగి చేతికొస్తుంది. దాన్ని తినేది నెలనెలా పెరిగే 40 వేల కొత్త అప్పు, ఏడాదికి 4 లక్షల 80 వేలు, వడ్డీ కాకుండా. మీ నాన్నగారు స్థలం ఇచ్చింది కష్టం వచ్చినప్పుడు కూతురు ఎవరి దగ్గరా చెయ్యి చాపకూడదని కదా. అమ్మి అప్పులు తీర్చి, మిగిలిన దాంతో విజయవాడలో అప్పు తక్కువగా ఉండే చిన్న ఫ్లాట్ మీ పేరు మీద కొనుక్కున్నా ఆ మాట నిలబడినట్టే.

అమ్మేముందు రెండు చూసుకోండి. పన్ను గురించి భయపడకండి, మీరు 2024 జులై 23 ముందే కొన్నారు కాబట్టి లాభం మీద 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరకి ధరల పెరుగుదల కలిపి, 20 శాతమా అని రెండు లెక్కలూ వేసి ఏది తక్కువైతే అది కట్టొచ్చు, ఇండెక్సేషన్ లెక్కలో మీకు పన్ను దాదాపు ఏమీ పడకపోవచ్చు, ఆడిటర్‌కి చూపించండి. ఇంకొకటి, ఆయన ఆదాయపు పన్ను పాత పద్ధతిలో 80సి మినహాయింపు కింద లోను అసలు చూపించి ఉంటే, ఇల్లు చేతికొచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్ళు నిండకుండా అమ్మితే ఆ మినహాయింపు వెనక్కి తీసుకుంటారు, మీకు అది 2027 మార్చితో తీరుతుంది. అమ్మకం వెంటనే జరిగేది కూడా కాదు, 1 కోటి 35 లక్షలు పక్క వీధి రేటు, మీకు అర్జెంటు అని తెలిస్తే కొనేవాడు 1 కోటి 20 లక్షల దగ్గర మొదలుపెడతాడు. అందుకే పీకలమీదికి వచ్చాక అమ్మటం వేరు, ముందే అమ్మటం వేరు.

నన్నడిగితే జూన్ లోపు అద్దెకిచ్చి వెళ్ళిపోయి, 2027 మార్చి దాకా చూసి, అప్పటికి ఊపిరి ఆడితే ఉంచుకోండి, లేదంటే అప్పుడు ప్రశాంతంగా అమ్మండి అంటాను. కానీ ఆయన మనసు నిజంగా బాగాలేదనుకోండి, పన్నులూ రేట్లూ చూడొద్దు, ఇప్పుడే అమ్మేయండి, అయిదు లక్షలు తక్కువొచ్చినా సరే. ఇది మీ ఇద్దరూ కలిసి తేల్చుకోవాల్సింది, నేను కాదు.

బంగారం మీది, స్త్రీధనం, ఆయన మిమ్మల్ని అడక్కుండా తాకట్టు పెట్టటం తప్పే, ఆ కోపం మీకు ఉండాల్సిందే. కానీ మాట అక్కడ మొదలుపెట్టకండి. మీ చీటీ సంగతితో మొదలుపెట్టండి, ఓణీల ఫంక్షన్ డబ్బు ఎక్కడిదో మీరే ముందు చెప్పండి, అది చెప్తే ఆయన తన గుట్టు తనే విప్పుతారని నా నమ్మకం. ఇంట్లో అత్తగారి ముందు వద్దు. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని ఆవిడ దగ్గర వదిలి బ్యారేజీకి ఇవతల సీతానగరం ఘాట్‌కి వెళ్ళండి, ఫోన్లు రెండూ, స్టేట్‌మెంట్లన్నీ, ఒక నోట్‌బుక్ తీసుకెళ్ళండి. ఎవరి వల్ల అనేది ఆ రోజు మాట్లాడొద్దు, ఎంత, ఎవరికి, ఏ వడ్డీ అంతే.

తర్వాత బంగారం ఏం చెయ్యాలి. ఈ రెండేళ్ళలో ధర ఎంత పెరిగిందో మీకు తెలుసు. 12 కాసుల్లో ఆరేడు కాసులు అమ్మితే 4 లక్షల లోను తీరి కార్డులకి కూడా కొంత రావచ్చు, ఆ రోజు రేటు చూసుకోండి, మిగతావి ఇంటికొస్తాయి. లేదా మొత్తం అమ్మితే కార్డులు పూర్తిగా తీరే అవకాశం ఉంది, కానీ అప్పుడు పాపకి ఇవ్వటానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఎంత అమ్మాలన్నది మీ ఒక్కరి నిర్ణయం. ఒక్కటి మాత్రం చెయ్యకండి, ధర పెరిగింది కదా అని టాపప్, అంటే అదే బంగారం మీద ఇంకొంత అప్పు, ఇస్తామని ఫోన్లు వస్తాయి, తీసుకోవద్దు. చీటీ ఆపకండి, మీరు పాడేసుకున్నారు కాబట్టి కట్టి తీరాలి, అక్కడ తప్పితే ఆ వీధిలో నడవలేరు. కొత్తది మాత్రం వెయ్యకండి.

పాప "మనం పేదవాళ్ళమా" అని అడిగిందన్నారు. లేదమ్మా, ఇంటికి ఎక్కువ అప్పు చేశాం, తీర్చటానికి కొన్నాళ్ళు చిన్నింట్లో ఉందాం అని చెప్పండి, ఏడో క్లాసు పిల్లకి అర్థమవుతుంది. అత్తగారికి మీరు కాదు, ఆయన చెప్పాలి. కొడుకు చెప్తే బాధపడతారు, కోడలు చెప్తే నిష్ఠూరమాడతారు.

అన్నయ్య 6 లక్షలకి వడ్డీ లేదు కాబట్టి మీ కాగితంలో దాన్ని ఆఖర్న రాశారు. నేనైతే పైకి తెస్తాను. వైశాఖం అంటే ఏప్రిల్ మూడో వారం నుంచే ముహూర్తాలు. వదిన రెండోసారి అడిగేదాకా ఆగొద్దు, ఆవిడ ఆ ఒక్క మాట అనటానికే ఎంత మొహమాటపడి ఉంటారో. మొత్తం ఇవ్వలేమని మీరే ఫోన్ చేసి చెప్పండి, బంగారం అమ్మినా కారు అమ్మినా అందులోంచి పెళ్ళికి ముందు ఎంత ఇవ్వగలరో, లక్షో రెండో, ఖచ్చితంగా ఆ అంకె చెప్పండి, మిగతాది ఎప్పుడో తేదీ చెప్పండి. అన్నయ్య వేరే ఏర్పాటు చేసుకోవటానికి టైము ఉంటుంది. ఇది తీర్చటానికి ఇంకో లోను మాత్రం తీసుకోకండి. ఆ ఫోన్ చేసేటప్పుడు మీ వారి సంగతి కూడా అన్నయ్యకి చెప్పండి, డబ్బు కోసం కాదు, ఒకసారి వచ్చి బావగారితో కూర్చోమని.

ఆదివారం తర్వాత నాకు మళ్ళీ రాయండి. లెక్కలు తర్వాత, ముందు ఆయన ఎలా ఉన్నారో రాయండి.